బాత్‌రూమ్ టైల్స్ కింద వెచ్చదనం: ష్లూటర్ డిట్రా-హీట్ రివ్యూ

ఇంట్లో చెప్పులు లేకుండా తిరిగే అలవాటు మనది. మిచిగన్‌లోనో న్యూజెర్సీలోనో జనవరి పొద్దున బాత్‌రూమ్ టైల్స్ మీద కాలు పెడితే జివ్వుమంటుంది. ఎలాగూ టైల్స్ మార్పిస్తుంటే కింద హీటింగ్ కేబుల్ వేయించేయండి. ప్లైవుడ్ నేలకైతే మా ఓటు డిట్రా-హీట్‌కే.

ఇదొక నారింజ రంగు ప్లాస్టిక్ పొర, మందం పావు అంగుళం. పైనంతా వరసగా బొడిపెలు. కేబుల్‌ని వాటి మధ్యకు నొక్కుకుంటూ పోతే గట్టిగా పట్టేస్తుంది, బొడిపెల కంటే కిందే ఉంటుంది కాబట్టి తాపీ అంచు తగిలే భయం తక్కువ. జాలీకి కుట్టిన మ్యాట్లు ఇంకా పలచన, చవక కూడా. కానీ చాలాచోట్ల వాటి మీద లెవలింగ్ సిమెంటు పోయాల్సి వస్తుంది, అప్పుడు ఎత్తులో కలిసొచ్చేదేమీ ఉండదు. పైగా చెక్క సాగి ముడుచుకున్నప్పుడు టైల్ పగలకుండా డిట్రా-హీట్ పొర కాస్తుంది. నేల కింద వేడినీళ్ల పైపులు వేసే పద్ధతికి పంపు, బాయిలర్ కావాలి. ఒక్క బాత్‌రూమ్‌కి అంత హంగామా దండగ.

అసలు తప్పు జరిగేది కొలత దగ్గర. 5 × 8 అడుగుల గది అంటే 40 చదరపు అడుగులు. టబ్, క్యాబినెట్, కమోడ్ చోటు తీసేస్తే కేబుల్‌కి దక్కేది సుమారు 18. మూడేసి బొడిపెల ఎడంతో చదరపు అడుగుకి 12.7 వాట్లు, అంటే మొత్తం 230 వాట్లు. రోజూ నాలుగు గంటలు నడిచినా ఒక యూనిట్ దాటదు. 40కి సరిపడే కేబుల్ కొంటే మిగిలింది పెట్టే చోటుండదు, కోయడానికీ లేదు: పొడవు తగ్గితే రెసిస్టెన్స్ తగ్గి, కరెంటు పెరిగి మాడిపోతుంది. అందుకే ఒక సైజు తక్కువే తీసుకోండి. వోల్టేజీ కూడా చూసుకోవాలి. 120 కేబుల్‌కి 240 ఇస్తే నాలుగు రెట్ల వేడి.

వరసలు ఒకదాన్నొకటి దాటకూడదు. కేబుల్‌కి మామూలు వైరు కలిసే అతుకు గోడలోకి పోకుండా థిన్‌సెట్ (టైల్స్ అతికించే సిమెంటు)లోనే పూడాలి. కమోడ్ కింద నీరు కారకుండా పెట్టే మైనపు రింగు కరగకుండా దాని చుట్టూ చోటు వదలండి. నేల వేడిని కొలిచే సెన్సర్ రెండు వరసలకు సరిగ్గా మధ్యలో ఉండాలి, పక్కనే రెండోది కూడా పెట్టించండి. మొదటిది చెడితే టైల్ పగలగొట్టక్కర్లేదు. పెట్టె విప్పగానే, పరిచాక, టైల్స్ వేశాక, మూడుసార్లూ మీటరుతో ఓమ్స్ చూసి రాసి పెట్టుకోండి.

లోటు ఏమిటంటే ధర ఎక్కువ, గుంటలన్నీ నిండాలి కాబట్టి థిన్‌సెట్ కూడా బాగా తాగుతుంది. టెక్సాస్ ఇళ్లలోలా నేరుగా కాంక్రీటు స్లాబు అయితే వేడి కిందికి లాగేస్తుంది. అక్కడ వేడి కిందికి పోకుండా ఆపే పొర ఉన్న, మందపు డిట్రా-హీట్ డ్యుయో రకమే తీసుకోవాలి. టైల్స్ వేశాక వారం రోజులు మాత్రం స్విచ్ వేయొద్దు, థిన్‌సెట్ పచ్చిగా ఉండగా వేడి తగిలితే పట్టు చెడుతుంది.