మసక ఫొటోల్లో డేటా దాచే ఆర్‌డీహెచ్-సీఈ: చాలాకాలం వాడాక

ఆర్‌డీహెచ్-సీఈ అంటే బొమ్మలో డేటా దాస్తూనే కాంట్రాస్ట్ పెంచి, తర్వాత డేటానూ అసలు బొమ్మనూ ఉన్నదున్నట్టు వెనక్కి ఇచ్చే పద్ధతి, 2015లో వూ, డ్యూజెలే, షీ ప్రచురించారు. 8 బిట్ల గ్రే బొమ్మల మీద (ఒక్కో పిక్సెల్ విలువ 0 నుంచి 255 దాకా) వాడుతున్నాను. వెలుతురు చాలని ఫొటోలకు బాగా పనికొస్తుంది. ఎక్స్‌రేలకు ఉన్నదున్నట్టు వాడమని మాత్రం చెప్పను.

హిస్టోగ్రామ్‌లో, అంటే ఏ విలువకు ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే పటంలో, అన్నిటికన్నా ఎత్తైన రెండు పీకులను (ఎక్కువ పిక్సెళ్లున్న విలువలను) పట్టుకుంటుంది. వాటిలో తక్కువ విలువ పీకుకు దిగువనున్న పిక్సెళ్లు ఒకటి తగ్గుతాయి, ఎక్కువ విలువదానికి ఎగువనున్నవి ఒకటి పెరుగుతాయి, నడిమివి కదలవు. అలా ఏర్పడిన ఖాళీల్లోకే బిట్లు వెళ్తాయి: 0 అయితే పీకు పిక్సెల్ ఉన్నచోటే ఉంటుంది, 1 అయితే పక్కకు జరుగుతుంది. పీకుల్లో 3000, 2800 పిక్సెళ్లుంటే ఒక విడతకు 5800 బిట్లు, అంటే 725 బైట్లు. యూటీఎఫ్-8 తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు కాబట్టి 240 గుర్తులకు కాస్త పైన, అంతే. ఇదే ఎల్ సార్లు (ఎల్ మనం ఎంచుకునే సంఖ్య) చేస్తే హిస్టోగ్రామ్ పరుచుకుని కాంట్రాస్ట్ పెరుగుతుంది. పీకు సగానికి చీలాలంటే 0లు, 1లు దాదాపు సమానంగా ఉండాలి. అందుకే డేటాను ముందు జిప్ చేసి, ఎన్‌క్రిప్ట్ చేసి ఇవ్వండి.

ఎల్ 20 అనుకుంటే, మొదలుపెట్టకముందే 0–19 విలువలకు 20 కలపాలి, 236–255 నుంచి 20 తీయాలి; లేకపోతే అంచులు దాటిపోతాయి. ఏవి మార్చామో చెప్పే మ్యాపును జేబిగ్2తో (నలుపు-తెలుపు బొమ్మలను నష్టం లేకుండా కుదించే పద్ధతి) కుదించి అదే బొమ్మలో దాచాలి. నలుపు, తెలుపు అంచుల్లో పిక్సెళ్లు చెల్లాచెదురుగా ఉంటే ఈ మ్యాపే చోటంతా మింగేస్తుంది. చివరి రెండు పీకుల విలువలు అడుగు వరుసలోని మొదటి 16 పిక్సెళ్ల ఆఖరి బిట్లలో ఉంటాయి. వెనక్కి తెచ్చే పని అక్కణ్నుంచే మొదలు.

ఎక్స్‌రేతో చిక్కు నల్లటి నేపథ్యం. అతి ఎత్తైన పీకు అదే. డేటా బోలెడు పడుతుంది, కానీ ఎముక దగ్గర కాంట్రాస్ట్ పెరగదు, నలుపులో గింజలు లేస్తాయి. శరీర భాగం మీద దీర్ఘచతురస్రం గీసి అందులోనే నడపండి. దాని కొలతలు అవతలివారికీ తెలియాలి.

పీఎస్‌ఎన్‌ఆర్ (అసలు బొమ్మకు ఎంత దగ్గరగా ఉందో డెసిబెల్స్‌లో చెప్పే కొలత) తగ్గిందని బెదరొద్దు. ముందే 20 కలిపిన, తీసిన అంచు పిక్సెళ్లు లేకపోతే, ఎల్ 20కి ఏ పిక్సెలూ 20కి మించి మారదు కాబట్టి అది 22.1 డీబీ కన్నా కిందికి దిగదు. కాంట్రాస్ట్ పెంచడమంటేనే మార్చడం కదా!

పీఎన్‌జీ లేదా కుదించని టిఫ్‌లోనే దాచండి. జేపెగ్ చేస్తే డేటా, అసలు బొమ్మ రెండూ పోతాయి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపాలి. నంపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) లెక్కలు ఇంట్16లో చేయండి, యూఇంట్8లో 255కి ఒకటి కలిపితే 0 అవుతుంది. తిరిగొచ్చిన బొమ్మను సరిచూసేటప్పుడు ఎస్‌హెచ్‌ఏ-256ను (డేటాకు వేలిముద్రలాంటి సంఖ్య) పిక్సెళ్ల మీద తీయండి, ఫైలు మీద కాదు. పిక్సెళ్లు ఒకటే అయినా పీఎన్‌జీ ఫైళ్లు వేరుగా ఉండొచ్చు.