అమ్మ పోయాక ప్రేమా, అమ్మ ఉండగానే ప్రేమా: ఏ నవల మేలు?

మంచం పట్టిన తల్లి, ఆమెను చూసుకుంటూ తన సంగతే మర్చిపోయిన కూతురు, మధ్యలో వచ్చే ఒకతను. ఈ తరహా ప్రేమ నవలలు ఎక్కువగా రెండు దారుల్లో నడుస్తాయి. ఒకదాంట్లో తల్లి పోయాకే కూతురికి తనకేం కావాలో తెలుస్తుంది. రెండోదాంట్లో తల్లి ఉంటుంది, మందుల వేళలూ ఉంటాయి, ప్రేమే వాటి మధ్య చోటు వెతుక్కోవాలి.

ఏడిపించడంలో మొదటిదే గట్టిది. ఖాళీ మంచం, మందు వెయ్యాల్సిన పని లేకపోయినా అర్ధరాత్రి రెండింటికి వచ్చే మెలకువ, దుఃఖం వెనకే వచ్చే 'హమ్మయ్య', అలా అనుకున్నందుకు సిగ్గు. ఆ హమ్మయ్యను దాచని రచయిత దొరికితే వదలకండి. కానీ ఇలాంటి చాలా కథల్లో నాకొక ఇబ్బంది ఉంది. కూతురు బతకాలంటే తల్లి అడ్డు తొలగాలి అన్నట్టు ఉంటుంది. రచయితకు వీలైనప్పుడు జబ్బు ముదురుతుంది, హీరో ఊరికి తిరిగొచ్చే వారానికి సరిగ్గా అంత్యక్రియలు అయిపోతాయి.

రెండోది రాయడమే కష్టం. తనంతట తాను కదల్లేని మనిషికి పుండ్లు పడకుండా రాత్రిళ్లు కూడా లేచి పక్కకు తిప్పాలి. మతిమరుపు జబ్బైతే చాలామందికి పొద్దు వాలేసరికి కంగారు ఎక్కువవుతుంది. డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. ఇద్దరూ బయటికెళ్దామనుకునేది కూడా ఆ సాయంత్రమే! ఇంకో బరువుంది. మనిషి కళ్లెదుటే ఉంటుంది, మన పేరు మాత్రం గుర్తుండదు. ఇలాంటి పోగొట్టుకోవడాన్ని అమెరికా పరిశోధకురాలు పాలీన్ బాస్ 1970లలోనే 'యాంబిగ్యువస్ లాస్' అన్నారు. చావు లేదు కాబట్టి పరామర్శకు ఎవరూ రారు. ఆ ఏడుపు ఏడుస్తూనే ఒకరి మీద ఇష్టం కలగడం, కలిగినందుకు తనను తాను తిట్టుకోవడం... నవలకు ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ హీరోని కూడా చూసుకోవాలి. మొదటి రకంలో అతను భుజం ఇస్తే సరిపోతుంది. రెండోదాంట్లో 'ఎలా తిప్పాలో నాకూ చూపించు' అనాలి. అలాగని పనంతా అతనే నెత్తిన వేసుకుంటే నవల పాడైనట్టే, ఆమె ఒక సేవ నుంచి ఒక రుణంలోకి మారుతుంది అంతే. నేను చూసేది ఒక్కటే: తల్లీ, అతనూ ఇద్దరూ లేని ఒక గంట ఆమెకు దొరికిందా, ఆ గంటలో ఏం చేసింది?

ముగింపు విషయానికొస్తే, అమెరికాలోని రొమాన్స్ రచయితల సంఘం నిర్వచనంలో ప్రేమకథ చివర తృప్తినీ ఆశనూ ఇవ్వాలి. మొదటి రకానికి ఆ ఆశ సులువుగా దొరుకుతుంది. రెండోదాంట్లో రేపు పొద్దున కూడా డైపర్ మార్చాలి, అయినా ఆశ ఉందని నమ్మించాలి. అందుకే నా ఓటు రెండోదానికే.

అయితే ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా చూసుకుంటున్నవాళ్ల చేతికి ఈ రెంట్లో ఏదీ ఇవ్వను. నాన్న మంచాన ఉన్న రోజుల్లో నేను చదివినవన్నీ డిటెక్టివ్ నవలలే.