కారు ఏసీ: గ్యాస్ పట్టించడమా, లీకు పట్టుకోవడమా?

ఎండలు ముదరగానే గ్యారేజీల్లో ఒకటే మాట: ‘గ్యాస్ తగ్గింది, పట్టించేయండి.’ పెట్రోలులా అది ఖర్చయిపోయే సరుకు కాదు. గ్యాస్‌ను ఒత్తే కంప్రెసర్, దాని వేడిని బయటికి వదిలే కండెన్సర్, లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్ మధ్య అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల నుంచి, కంప్రెసర్ సీలు నుంచి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జారిపోవడం మామూలే. అందుకే ఏడెనిమిదేళ్ల కారులో మొదటిసారి చల్లదనం తగ్గితే నేరుగా గ్యాస్ పట్టించడాన్ని నేను తప్పుపట్టను. నిరుడు నింపిన గ్యాస్ ఈ ఏడు లేకపోతే మాత్రం లీకు వెతికించాల్సిందే.

అసలు లోపం గ్యాస్‌దేనా అన్నది ముందు తేలాలి. నా పాత కారు విజయవాడ రహదారి మీద చక్కగా చల్లబడేది, ఊళ్లో సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి కొట్టేది. రెండుసార్లు గ్యాస్ పట్టించాను. మెకానిక్‌ను అనడానికి లేదు, అడిగింది నేనే. తీరా చూస్తే కండెన్సర్ ఫ్యాను తిరగడం లేదు. బండి వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే ఆ పని చేసిపెట్టేది. అలాంటి స్థితిలో అదనంగా గ్యాస్ ఎక్కిస్తే ఒత్తిడి ఇంకా పెరిగి కంప్రెసర్ మీదే భారం పడుతుంది. ఏసీ వేసి బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టకుండా చూసి ఉంటే పైసా ఖర్చు లేకుండా తెలిసేది. గాలే తక్కువగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ చూడండి. దుమ్ముతో అట్టకట్టి ఉంటుంది.

తర్వాతే గ్యాస్ ఒత్తిడి కొలిచే గేజీలు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు గేజీ చూపే ఒత్తిడిని బట్టి గ్యాస్ ఎంత ఉందో చెప్పలేం. లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంతకాలం ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. ఆర్-134ఎ గ్యాస్ అయితే 30 డిగ్రీల వద్ద సుమారు 95 పీఎస్ఐ. సగం గ్యాస్ పోయినా దాదాపు అదే అంకె! ఏసీ నడుస్తున్నప్పుడు తక్కువ ఒత్తిడి, ఎక్కువ ఒత్తిడి ఉండే రెండు వైపులా చూడాలి. రెండూ తక్కువైతే గ్యాస్ తగ్గి ఉండవచ్చు. రెండూ ఎక్కువైతే గ్యాస్ మితిమీరింది, లేదా కండెన్సర్ వేడిని వదలడం లేదు. తక్కువ ఒత్తిడి ఉండాల్సిన వైపు పెరిగి, ఎక్కువ ఉండాల్సిన వైపు పడిపోతే కంప్రెసర్‌ను అనుమానించాలి.

లీకు వెతకడానికి గొట్టాల్లోని గాలంతా లాగేసి, అంటే వ్యాక్యూమ్ పెట్టి, ‘ముల్లు కదల్లేదు, లీకు లేదు’ అంటారు. నాకు ఆ పరీక్ష మీద పెద్ద నమ్మకం లేదు. వ్యాక్యూమ్‌లో గొట్టాల మీద పడేది బయటి గాలి ఒత్తిడి మాత్రమే, అదీ లోపలివైపు. సన్నని చిల్లు అందులో దొరకకపోవచ్చు. తేమ తీయడానికి వ్యాక్యూమ్ తప్పనిసరి, అది వేరే సంగతి. నైట్రోజన్ ఎక్కించి జాయింట్ల మీద సబ్బు నురగ రాయడం మేలు; బుడగ లేచిన చోటే చిల్లు. డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌కు నురగ అందదు. దానికి గ్యాస్‌ను పసిగట్టే ఎలక్ట్రానిక్ పరికరాన్ని ఏసీ గాలి వచ్చే చోట పెట్టి చూడాలి. డాష్‌బోర్డు విప్పమనే ముందు ఈ పరీక్ష చేయమని గట్టిగా అడగండి, విప్పితే కూలి బాగా పడుతుంది. నెలల తరబడి జారే సన్నని లీకుకు మాత్రం గ్యాస్‌లో రంగు కలిపి, కారును కొన్ని వారాలు తిప్పి, అతినీలలోహిత దీపంతో వెతకడమే దారి. ఓపిక ఉండాలి.

చివరికి గ్యాస్ నింపించేటప్పుడు గేజీ చూసి ‘చాలు’ అననివ్వకండి. ఎన్ని గ్రాములు పట్టాలో బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది. పాతది పూర్తిగా తీయించి, తూకం వేసి అంతే పోయమనండి.