ఇయాయిడో పుట్టిల్లు వెతుకుతూ మురయామా, కోచి

ఇయాయిడో, అంటే ఒరలోంచి కత్తి దూస్తూనే వేటు వేసే జపాన్ విద్య. దాని మూలాలు చూడాలనుకునేవాళ్లు నేరుగా మురయామాకే వెళ్తారు. వెళ్లాల్సిన చోటే, కానీ అక్కడితో ఆగిపోతే కథ సగమే తెలుస్తుంది.

యమగాత ప్రాంతంలోని మురయామాలో హయాషిజకి ఇయాయ్ ఆలయం ఉంది. తండ్రిని చంపినవాడిపై పగ తీర్చుకోవడానికి హయాషిజకి జిన్‌సుకె 16వ శతాబ్దంలో ఇక్కడ దేవుణ్ణి వేడుకుని ఈ విద్య పొందాడని స్థలపురాణం. ఇప్పుడు ఆయనకీ ఇక్కడ పూజలందుతున్నాయి. టోక్యో నుంచి షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో సుమారు మూడు గంటలు, స్టేషన్ దగ్గర టాక్సీ తీసుకోవాలి. ప్రశాంతంగా ఉంటుంది. బసకి అదే లైన్లో ఉన్న తెందో వేడినీటి బుగ్గల హోటళ్లు నయం. గింజాన్ ఒన్సెన్ అనే మరో వేడినీటి బుగ్గల ఊరు చాలా అందంగా ఉంటుంది కానీ ఖరీదెక్కువ, గదులూ త్వరగా నిండిపోతాయి. వెడల్పాటి చెక్క పెట్టెలో వడ్డించే ఇతసోబా నూడుల్స్ మాత్రం తప్పకుండా తినండి.

నా మనసు దోచింది మాత్రం షికొకు దీవిలోని కోచి. ఎదో (నేటి టోక్యో)లో ఈ విద్య నేర్చిన హయాషి రొకుదయూ దాన్ని ఇక్కడికి, అప్పటి తోసా రాజ్యానికి తెచ్చాడు. తరతరాలుగా చేరిన కతాలన్నిటినీ (సాధనకి నిర్ణయించిన కదలికల వరుసలు) ఓఎ మసమిచి (1852–1927) ఇక్కడే ఓ క్రమంలో పెట్టాడు. ఈరోజు ఎందరో మొదట నేర్చే, మోకాళ్ల మీద కూర్చుని చేసే కతాలు జిన్‌సుకెవి కావు. అవి తర్వాతి కాలంలో ఓమోరి అనే శాఖ పేరుతో చేరాయి. సాధన దగ్గర్నుంచి చూస్తే కుడిచెయ్యి కన్నా ఎడమచెయ్యి పనే ఎక్కువని తెలుస్తుంది. ఒరని వెనక్కి లాగితేనే కత్తి మొన బయటపడుతుంది. తిరిగి పెట్టేటప్పుడు చూపు కత్తి మీద ఉండదు, పడిపోయిన శత్రువు మీదే ఉంటుంది. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు.

కోచిలో కోట, దాని ఎదురుగా 2017లో తెరిచిన చరిత్ర మ్యూజియం, పాత ట్రామ్, హిరోమె మార్కెట్‌లో గడ్డిమంట మీద కాల్చిన కత్సువో చేప అన్నీ దగ్గరదగ్గరే. ఒకయామా నుంచి రైలు రెండున్నర గంటలు పడుతుంది. దోజోకి (సాధన చేసే శాలకి) చెప్పకుండా వెళ్లకండి, ముందే ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి.

ఏడు రోజుల జపాన్ రైలు పాస్ 2023 అక్టోబరులో 50,000 యెన్‌లు అయింది. టోక్యో నుంచి రెండు ఊళ్లూ ఆ వారంలోనే చుట్టి వస్తేనే గిట్టుబాటు. ఒక్కదానికే సమయముంటే కోచికే వెళ్లండి.