నిజాం విమానం, బొంబాయి టేకు ఓడ, మధ్యలో మా అన్నయ్య: ఇంగ్లండ్‌లో పాత బండ్ల టూరు

మా అన్నయ్య కాజీపేటలో రైలు డ్రైవర్‌గా రిటైరయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళు బొగ్గు ఇంజన్ మీద ఫైర్‌మన్, తర్వాత డీజిల్, చివరికి కరెంటు ఇంజన్. మొన్న మే నెలలో వదినతో కలిసి రెడింగ్‌లో మా ఇంటికి వచ్చాడు. లండన్‌లో రెండు రోజులు తిప్పాక, "రాజుగారి కోట గేటు ముందు ఫొటో దిగడానికా ఇంత దూరం వచ్చింది? వీళ్ళ పాత బండ్లు ఎక్కడున్నాయో అవి చూపించరా" అన్నాడు. సరేనని ఐదు చోట్ల తిప్పాను. ఎక్కడ డబ్బుకు తగ్గట్టు ఉంది, ఎక్కడ కాళ్ళు లాగాయి, పెద్దవాళ్ళతో వెళ్తే ఏం చూసుకోవాలి, ఉన్నదున్నట్టు రాస్తున్నా. ఇలాంటి టూరుకు వదిన ఎలా ఒప్పుకుందని అడక్కండి, అంతకు ముందు వారం ప్రైమార్క్ అనే చవక బట్టల షాపుకు మూడుసార్లు తీసుకెళ్ళాను.

ముందు హెండన్. లండన్‌కు ఉత్తరాన రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం. నార్తర్న్ లైన్ ట్యూబ్‌లో కొలిండేల్‌లో దిగితే నడిచే దూరమే. టికెట్ లేదు, పూర్తిగా ఉచితం. ఇది ఒకప్పుడు విమానాలు దిగిన మైదానమే. 1911 సెప్టెంబరులో ఇక్కణ్ణుంచి విండ్సర్‌కు విమానంలో ఉత్తరాలు పంపారు, బ్రిటన్‌లో మొదటి ఎయిర్ మెయిల్ అదే. కానీ అంతకు ఏడు నెలల ముందే, ఫిబ్రవరి 18న, హెన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ అలహాబాద్‌లో ఉత్తరాల సంచీ వేసుకుని యమున దాటి నైనీలో దిగాడు. రెండింటినీ ఏర్పాటు చేసింది వాల్టర్ విండ్‌హామ్ అనే ఒకే మనిషి. అంటే రిహార్సల్ మన దగ్గర చేసుకుని వెళ్ళారన్నమాట.

అయితే నేను అన్నయ్యను అక్కడికి తీసుకెళ్ళింది ఒక్క విమానం కోసం. పేరు డీహెచ్ 9ఏ, మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్. రెండు రెక్కలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో కర్రలు, తీగలు, రెక్కలకు గుడ్డ, ముందు 400 హార్స్ పవర్ అమెరికన్ లిబర్టీ ఇంజన్. దాని పక్కటెముకల మీద, పైలట్ కూర్చునే చోటికి కాస్త కింద, ఇంగ్లిషులో రాసి ఉంటుంది: హిజ్ హైనెస్ నిజాం ఆఫ్ హైదరాబాద్ బహూకరించినది అని. వదిన అది చదివి రెండోసారి కూడబలుక్కుని మళ్ళీ చదివింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో కొన్న విమానాలతో 110వ స్క్వాడ్రన్ అనే వైమానిక దళం 1918లో ఫ్రాన్స్ వెళ్ళింది. అప్పట్నుంచి దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్. ఈ విమానం ఆ అక్టోబరులో జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్ళి శత్రువు చేతికి చిక్కింది, బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది, చివరికి 1977లో బదులుగా ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్ని ఇచ్చి వెనక్కి తెచ్చుకున్నారు. రెండో యుద్ధంలో కూడా 152, 253 నంబర్ల స్క్వాడ్రన్లకు హైదరాబాద్ పేరే పెట్టారు. 152 వాళ్ళ గుర్తు ఏంటో తెలుసా, నిజాం తలపాగా.

"ఇదంతా ఎవడి డబ్బు?" అన్నాడు అన్నయ్య. "నిజాంది" అన్నాను. "నిజాంకు ఎక్కణ్ణుంచి వచ్చింది, మన తాతలు కట్టిన శిస్తు కాదా?" అన్నాడు. అక్కడే పది నిమిషాలు నిలబడ్డాడు. ఎర్ర లాన్యార్డ్ వేసుకున్న పెద్దాయన ఒకరు వచ్చి మీదేవూరు అని అడిగారు, హైదరాబాద్ వైపు అనగానే ఆయన మొహం వెలిగిపోయింది, ఈ విమానం కథ మాకంటే ఆయనే ఎక్కువ ప్రేమగా చెప్పారు. అదే హెండన్‌లో లాంకాస్టర్ బాంబర్ ఉంది, 137 సార్లు దాడికి వెళ్ళి తిరిగొచ్చిన విమానం, దాని ముక్కు మీద బాంబు బొమ్మలు వరసగా వేసి ఉంటాయి. అది చూడ్డానికి జనం ఎక్కువ, మన విమానం దగ్గర ప్రశాంతం. హాళ్ళు అప్పుడప్పుడు సర్దుతుంటారు కాబట్టి లోపలికి వెళ్ళగానే ఎక్కడుందో అడిగేయండి. పూట చాలు.

డక్స్‌ఫర్డ్ దీనికి పూర్తిగా ఉల్టా. కేంబ్రిడ్జ్ దగ్గర, ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళది, టికెట్ గట్టిగానే వాయిస్తారు. 1938 ఆగస్టులో స్పిట్‌ఫైర్లు మొట్టమొదట చేరింది ఇక్కడి 19వ స్క్వాడ్రన్‌కే. ఇప్పటికీ రన్‌వే వాడకంలో ఉంది, మేం కూర్చుని పులిహోర తింటుంటే తల మీంచి ఒక స్పిట్‌ఫైర్ వెళ్ళింది. ఆ చప్పుడు వీడియోలో రాదు, ఛాతీలో తెలుస్తుంది. ధ్వనిని మించి పోయే ప్రయాణికుల విమానం కాంకార్డ్ లోపలికి ఎక్కొచ్చు. కానీ ఇది ప్రయాణికులు తిరిగింది కాదు, పరీక్షలకు వాడిన విమానం, సీట్లకు బదులు కొలతల పెట్టెలు నిండి ఉంటాయి. 1974లో ఇది ధ్వనికి 2.23 రెట్ల వేగం అందుకుంది, ఏ కాంకార్డూ అంత వేగంగా పోలేదు. 1977లో ఇక్కడ దించేశారు, ఆ తర్వాత పక్కన ఎం11 హైవే వేయడానికి రన్‌వేను కత్తిరించారు, కాబట్టి అది ఇక ఎగిరి వెళ్ళే ప్రశ్నే లేదు. లోపల ఎంత ఇరుకంటే వదిన "మన గరుడ బస్సు నయం" అంది.

ఇబ్బంది ఏంటంటే నడక. ట్యాంకులు, మిలటరీ లారీలు ఉన్న హాలు ఆ చివర ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అక్కడికి చేరేసరికి ఓపిక అయిపోతుంది. ముందు అటు వెళ్ళి వెనక్కి రండి, మేం తిరగేసి చేశాం. కారు లేకపోతే విటిల్స్‌ఫర్డ్ పార్క్‌వే స్టేషన్లో దిగి టాక్సీ. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి అని రాద్దామనుకున్నా కానీ మేం మాట్లాడుకున్నా రాలేదు. నలభై నిమిషాలు గేటు దగ్గర గాలికి నిలబడ్డాం, ఫోన్ చేస్తే "ఐదు నిమిషాలు" అనే పాట. ఆ విషయంలో ఇక్కడా అక్కడా ఒకటే.

బ్రిస్టల్‌లో ఎస్ఎస్ గ్రేట్ బ్రిటన్ గురించి గబగబా చెప్పేస్తా, ఎందుకంటే అందరూ రాస్తారు. బ్రూనెల్ అనే ఇంజనీరు కట్టిన ఇనుప ఓడ, 1843లో నీళ్ళలోకి దిగింది, దక్షిణ అమెరికా దగ్గరి ఫాక్‌లాండ్స్ దీవుల్లో వదిలేసిన తుక్కును 1970లో తెచ్చి పుట్టిన డాక్‌లోనే పెట్టారు. ఓడ చుట్టూ గాజు పరిచి దాని మీద కొద్దిగా నీళ్ళు వదిలారు, పైనుంచి చూస్తే తేలుతున్నట్టుంటుంది, కిందికి దిగితే తుప్పు ఆగడానికి పొడిగాలి కొడుతూ ఉంటారు. ఆస్ట్రేలియా వలస వెళ్ళిన పేదలను ఇరుకు పడక అరల్లో పిండి మిల్లు బస్తాల్లా ఎలా కుక్కారో చూడాల్సిందే. 1857లో ఇదే ఓడ తిరుగుబాటు అణచడానికి సైనికుల్ని బొంబాయికి మోసింది, ఆ సంగతి తెలిసి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. బాగుంది, రెడింగ్ నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేయొచ్చు.

ఇక యార్క్. అన్నయ్యకు అరవై దాటాయి, వదినకూ దాటాయి, స్టేషన్లో పాస్‌పోర్టులు చూపించి ఇద్దరికీ సీనియర్ రైల్‌కార్డులు తీసుకున్నాం, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. టూరిస్టులకు ఇవ్వరేమో అనుకుంటారు చాలామంది, ఇస్తారు. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రెండు గంటల ప్రయాణం. రెండు రాత్రులు ఉన్న గెస్ట్‌హౌస్ మాత్రం తప్పు చేశాను. ఫొటోల్లో పూల కర్టెన్లు చూసి మోసపోయా. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, పెట్టెలు నేనే మోశాను. వెజిటేరియన్ బ్రేక్‌ఫాస్ట్ అంటే అందరికీ పెట్టే ప్లేటులోంచి మాంసం తీసేసి ఉడికిన టమాటా, బీన్స్ మిగిల్చారు. ఆవకాయ సీసా తెచ్చుకున్న వదిన దూరదృష్టికి దండం. లిఫ్ట్ ఉందా అని రాసి అడిగి, జవాబు వచ్చాకే బుక్ చేయండి.

నేషనల్ రైల్వే మ్యూజియం స్టేషన్‌కు ఆనుకునే ఉంది, ఇదీ ఉచితమే. మరమ్మతుల పనులు జరుగుతూ ఉంటాయి, ఏ హాలు తెరిచి ఉందో చూసుకుని వెళ్ళండి. నీలం రంగు మల్లార్డ్ ఇంజన్ ముందు అందరూ సెల్ఫీలు. 1938 జులై 3న గంటకు 126 మైళ్ళు, అంటే 203 కిలోమీటర్లు, ఆవిరి ఇంజన్లలో ఈ రికార్డు ఇంకా దానిదే. అన్నయ్య బోర్డు మొత్తం చదివి, "దిగుడులో కొట్టాడు" అన్నాడు. నిజమే, స్టోక్ బ్యాంక్ అనే దిగుడు దారి అది. పైగా ఆ పరుగులో మధ్య సిలిండర్ కడ్డీ చివరుండే బిగ్ ఎండ్ బేరింగ్ వేడెక్కి పాడైంది, లండన్ చేరలేదు, పీటర్‌బరోలో ఇంజన్ మార్చారు. "డ్రైవర్ పేరు పెద్దగా రాశారు, బొగ్గేసినోడి పేరేది?" అని వెతికాడు. టామీ బ్రే అని దొరికాక శాంతించాడు.

అన్నయ్య అసలు ఆగిపోయింది మాత్రం ఎల్లర్‌మన్ లైన్స్ అనే ఇంజన్ దగ్గర. దాన్ని నిలువుగా కోసి, లోపల ఏముందో కనబడేలా పెట్టారు. బొగ్గు మండే ఫైర్‌బాక్స్, అక్కణ్ణుంచి పొగ గొట్టం దాకా బాయిలర్ నిండా వరసగా ట్యూబులు, తేనెపట్టును అడ్డంగా కోసినట్టు. "ఇన్నేళ్ళు దీని నోట్లో బొగ్గు వేశానురా, కడుపు ఇప్పుడు చూస్తున్నా" అన్నాడు. తర్వాత అక్కడి వాలంటీర్ ఒకాయనకు, రెండు చేతులతో లేని పారను పట్టుకుని, బొగ్గు మధ్యలో పడకుండా మూలలకు ఎలా విసరాలో చూపించాడు. అన్నయ్య ఇంగ్లిషు అంతంతమాత్రం. ఆయన యాస నాకే అర్థం కాదు. ఆయన తల ఊపి, తను కూడా లేని పార పట్టుకుని, మణికట్టు తిప్పి చూపించారు. అరగంట ఇద్దరూ అలా గాలిలో బొగ్గు వేస్తూనే ఉన్నారు. వదిన వెళ్ళి టీ తాగి వచ్చింది.

మూడో రోజు హార్టిల్‌పూల్. యార్క్ నుంచి నేరుగా రైళ్ళున్నాయి కానీ తక్కువ, టైము చూసుకోవాలి. ఊరు పెద్దగా ఏమీ ఉండదు, లండన్ నుంచి ఇంత దూరం ఎవరు వస్తారు అనిపిస్తుంది. నన్నడిగితే ఐదింటిలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. హెచ్ఎంఎస్ ట్రింకోమలీ, ఇప్పటికీ నీళ్ళ మీద తేలుతున్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో అన్నిటికంటే పాతది. కట్టింది బొంబాయిలో, 1817లో, జంషెట్‌జీ బోమన్‌జీ వాడియా. కర్ర మలబారు టేకు. ఇంగ్లండ్‌లో ఓక్ కర్రకు కరువొచ్చి మన దగ్గర కట్టించుకున్నారు. ఇంకో తమాషా, దీని నమూనా గీతలను మొదటిసారి మోసుకొస్తున్న ఓడను 1812లో అమెరికన్లు ధ్వంసం చేశారు, మళ్ళీ పంపాల్సి వచ్చింది. పార్సీల ఆచారం ప్రకారం వాడియా అడుగు దూలంలో వెండి మేకు కొట్టారట.

పై డెక్ మీద ఫిరంగులు, తాళ్ళు, ఎండ, అంతా బాగుంటుంది. కిందికి దిగుతున్నకొద్దీ కప్పు తల మీదికి వచ్చేస్తుంది. నేను రెండుసార్లు కొట్టుకున్నా. మెట్లు ఇక్కడా నిటారే, వదిన ఒక డెక్ దాకా వచ్చి ఆగిపోయింది, పైన కూర్చోవడానికి చోటుంది. కింద అంత చీకట్లో వందల మంది ఉయ్యాల మంచాలు కట్టుకుని పడుకునేవారట. అన్నయ్య ఒక దూలాన్ని వేలి మెటికలతో కొట్టి విన్నాడు, ఇంకోదాన్ని కొట్టాడు. "ఇది పాతది, అది తర్వాత వేసింది" అన్నాడు. వెనక ఉన్న గైడ్‌ను అడిగాను, నిజమే. చాలా భాగం ఆనాటి టేకే, కొంత మాత్రం పదేళ్ళకు పైగా సాగిన మరమ్మతుల్లో మార్చారట, 2001లో పూర్తయింది. మా ఊళ్ళో తాతగారి ఇంటి ద్వారబంధం కూడా అలాగే మోగుతుంది. కోరంగిలో కూడా ఓడలు కట్టేవారని, అవి ఏమయ్యాయని వదిన అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

తిరుగు రైలు రద్దయింది. కారణం బోర్డు మీద ఒకటి రాశారు, మైకులో ఇంకోటి చెప్పారు. ప్లాట్‌ఫాం మీద రెండు గంటలు, చలిగాలి, ఫ్లాస్కులో అడుగున మిగిలిన టీ. ఇలాంటప్పుడు టికెట్ పారేయకండి, ఆలస్యానికి డబ్బు వాపసు అడగొచ్చు, ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. మాకు పది రోజుల్లో వచ్చింది. ఆ మెసేజ్ అన్నయ్యకు చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "నేను నడిపిన బండ్లకు ఇలా ఇచ్చి ఉంటే సౌత్ సెంట్రల్ రైల్వే ఎప్పుడో కిడ్నీలు అమ్ముకునేదిరా" అన్నాడు.