ఆట మాన్పించాలా, ఆడిస్తూనే అండగా నిలవాలా?

బాగా ఆడే కుర్రాడు ప్రాక్టీసుకు డుమ్మా కొడుతున్నాడు, రాత్రిళ్లు నిద్రపోడు, ఓ రోజు నోట మందు వాసన. తిరుపతిలో ఏ ఇంట్లోనైనా ముందొచ్చే మాట: "ఫుట్‌బాల్ మాన్పించి చదువులో పెడదాం." ఆ భయం నాకర్థమవుతుంది. కానీ తారకరామ స్టేడియానికి వెళ్లే ఆ సాయంత్రం గంటే వాడి రోజుకు పట్టు. అదీ తీసేస్తే గదిలో ఫోనూ, వాడూ మిగులుతారు.

బ్రెజిల్ ఆటగాడు అడ్రియానో 2004 జులైలో దక్షిణ అమెరికా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ కోపా అమెరికా ఫైనల్ ఆఖరి క్షణాల్లో అర్జెంటీనాపై గోల్ కొట్టి మ్యాచ్ నిలబెట్టాడు. కొద్ది రోజులకే తండ్రి పోయాడు. అప్పటికి 22 ఏళ్లు. ఆ దుఃఖం మందులోకి దిగింది. అయినా 2009లో స్వదేశానికి తిరిగొచ్చి ఫ్లమెంగో క్లబ్‌కు బ్రెజిల్ లీగ్ గెలిపించాడు. ఆట ఎక్కడికీ పోలేదు, మనిషే కుంగిపోయాడు.

ఇంగ్లండ్ ఆటగాడు డెలీ అలీది మరో దారి. నిద్రమాత్రల అలవాటుకు ఆరు వారాలు చికిత్స తీసుకుని, 2023లో ఆ సంగతి బయటికి చెప్పాడు. పాత ఊపు రాలేదు, గాయాలూ వదల్లేదు. అయినా 2025లో ఇటలీ క్లబ్ కోమో తరఫున మళ్లీ మైదానంలో దిగాడు.

నా ఓటు ఆడిస్తూనే అండగా నిలవడానికే. కోచ్‌కీ ఇంటికీ మధ్య మాట నడవాలి, వాణ్ని తిట్టకుండా కూర్చోబెట్టి వినాలి. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్యులున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.