వుడ్‌సన్, సూ: కళాశాల ఫుట్‌బాల్ రక్షణలో ఎవరి ఆట మేలు?

బంతిని చేతపట్టి పరుగెత్తే అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో రక్షణ స్థానాల్లో ఆడినవారిలో మేటి ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మొదట వినిపించేది మిషిగన్ విశ్వవిద్యాలయపు కార్నర్‌బ్యాక్ (మైదానం అంచున బంతి పట్టే ప్రత్యర్థిని కాచుకునే రక్షకుడు) చార్ల్స్ వుడ్‌సన్ పేరు. కళాశాల ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికి 1935 నుంచి ఏటా ఇస్తున్న హైస్‌మన్ ట్రోఫీని ప్రధానంగా రక్షణలో ఆడుతూ గెలుచుకున్న తొలి ఆటగాడు అతడే. 1997లో టెనెసీ క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపిస్తూ బంతి విసిరే ఆటగాడు) పేటన్ మానింగ్‌ను రెండో స్థానానికి నెట్టి మరీ దానిని అందుకున్నాడు. నెబ్రాస్కా డిఫెన్సివ్ టాకిల్ (రక్షణ వరుస నడుమ నిలబడే ఆటగాడు) ఎండామకెన్ సూకు 2009లో అదే ట్రోఫీ ఓటింగులో దక్కింది నాలుగో స్థానం. అయినప్పటికీ రక్షణ ఆటను మాత్రమే తూకం వేస్తే ముల్లు సూ వైపే మొగ్గుతుందని నా నమ్మకం.

వుడ్‌సన్ ప్రతిభను ఎవరూ తక్కువ చేయలేరు. 1997లో మిషిగన్ ఆడిన 12 ఆటలూ గెలవగా, అతడు 8 సార్లు ప్రత్యర్థి విసిరిన బంతిని చేజిక్కించుకున్నాడు. ఆ అక్టోబరులో మిషిగన్ స్టేట్‌పై అతడు పట్టిన బంతి నేటికీ అభిమానుల కళ్ల ముందు మెదులుతుంది. క్వార్టర్‌బ్యాక్ వదిలించుకోవడానికి గీత అవతలికి విసిరేసిన బంతిని, గాలిలోకి ఎగిరి ఒంటిచేత్తో అందుకుని, ఒక పాదాన్ని గీత లోపలే ఆనించి పడిపోయాడు. అయితే ట్రోఫీని అతడికి ఖాయం చేసిన ఆట ఒహాయో స్టేట్‌తో జరిగినది. అందులో అతడు ప్రత్యర్థి కాలితో దూరంగా తన్నిన బంతిని (పంట్) పట్టి, 78 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్‌గా (మైదానం చివరి ఎండ్‌జోన్‌కు బంతిని చేర్చి చేసే స్కోరు) మలిచాడు, దాడి జట్టులో నిలబడి 37 గజాల పాస్ పట్టాడు, ఎండ్‌జోన్‌లో ఒక బంతిని అడ్డగించి చేజిక్కించుకున్నాడు. ఈ మూడింటిలో రక్షణకు చెందినది చివరిదొక్కటే.

హైస్‌మన్ విగ్రహంలో ఉన్నది కూడా బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆటగాడే కదా! 2024లో కొలరాడో కార్నర్‌బ్యాక్ ట్రావిస్ హంటర్‌కు ఆ ట్రోఫీ దక్కినప్పుడు అతడు దాడిలోనూ పూర్తిస్థాయి రిసీవర్‌గా (విసిరిన బంతిని పట్టేవాడిగా) ఆడుతున్నాడు. చేతికి బంతి రాని రక్షకుడు ఆ ఓటర్ల కంటికి ఆనడం చాలా కష్టం.

నిలకడలో మాత్రం వుడ్‌సన్‌దే పైచేయి. 1995లో మొదటి ఏడాది నుంచే జట్టులో స్థిరపడి మూడేళ్లూ రాణించాడు. సూ మోకాలి గాయాన్ని దాటుకుని వచ్చాడు, 2008లో గానీ దేశం దృష్టిలో పడలేదు. ఆ ఏడాది రెండు బంతులను అడ్డగించి రెండింటినీ టచ్‌డౌన్‌లుగా మార్చాడు, దాదాపు 140 కిలోల మనిషికి అది అరుదైన విషయం. ఆ తర్వాత వృత్తి ఫుట్‌బాల్‌లోకి వెళ్లే అవకాశం ఉన్నా, చివరి ఏడాది కూడా కళాశాలలోనే ఆడాడు.

ఆ చివరి ఏడాదిలోనే సూ అసలు గొప్పతనం కనిపిస్తుంది. మైదానం అంచున ఒక రిసీవర్‌ను కాచుకునే కార్నర్‌బ్యాక్ వైపు బంతి విసరకుండా ప్రత్యర్థి తప్పించుకోగలడు గానీ, నట్టనడుమ నిలబడే టాకిల్‌ను తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. అందుకే అతడిని ఆపడానికి తరచుగా ఇద్దరిని నిలిపేవారు. అయినా 2009లో సూ 85 టాకిల్‌లు (బంతి ఉన్నవాడిని పడగొట్టడం), 12 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) సాధించాడు. లోపలి వరుసలో ఆడేవాడికి ఇవి నమ్మశక్యం కాని అంకెలు.

డిసెంబరు 5న ఆర్లింగ్టన్‌లో టెక్సస్‌తో జరిగిన బిగ్ 12 (కళాశాలల లీగు) తుదిపోరు ఒక్కటే నా వాదనకు చాలు. నెబ్రాస్కా దాడి జట్టు ఆట మొత్తంలో సాధించినవి 106 గజాలే, చేసిన 12 పాయింట్లూ ఫీల్డ్ గోల్‌ల (బంతిని గోల్ స్తంభాల నడుమకు తన్ని చేసే మూడేసి పాయింట్ల స్కోరు) ద్వారా వచ్చినవే. అంత బలహీనమైన దాడితో, ఓటమి ఎరుగని టెక్సస్‌పై చివరి క్షణంలోనూ ఆధిక్యంలో ఉండటానికి ముఖ్య కారణం సూ. అతడి ఖాతాలో 12 టాకిల్‌లు, 4.5 శాక్‌లు చేరాయి. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్‌ను జెర్సీ పట్టుకుని పక్కకు విసిరేసిన దృశ్యం చూస్తే, ఎదుట ఉన్నది మరో మేటి ఆటగాడన్న సంగతే మరచిపోతాం. గడియారం సున్నా చూపాక సమీక్షలో ఒక్క సెకను తిరిగి కలిపారు. ఆ సెకనులో టెక్సస్ 46 గజాల ఫీల్డ్ గోల్ కొట్టి 13-12తో గట్టెక్కింది.

అసోసియేటెడ్ ప్రెస్ తన కళాశాల ఉత్తమ ఆటగాడి పురస్కారాన్ని ఆ ఏడాది సూకు ఇచ్చింది, ఒక రక్షణ ఆటగాడికి అది దక్కడం అదే తొలిసారి. హైస్‌మన్ ఓటింగులో మాత్రం, వారం క్రితమే సూ చేతిలో పదే పదే నేలకూలిన కోల్ట్ మెకాయ్ అతడికంటే ఒక మెట్టు పైన, మూడో స్థానంలో నిలిచాడు.